షుగర్ ఉన్నవాళ్లకి రాత్రిళ్లు చెమటలు: కారణం పట్టుకునే పద్ధతి

"నిద్రలో ఒళ్లంతా తడిసిపోతోంది, షుగర్ వల్లేనా?" అని అడిగినవాళ్లకి ఇన్నాళ్లూ విడివిడిగా జవాబు చెబుతూ వచ్చాను. ఇక అంతా ఒకేచోట, వరుసగా రాసేస్తున్నాను. నేను డాక్టర్ని కాను. 16 ఏళ్లుగా షుగర్‌తో కాపురం చేస్తున్నవాణ్ణి. ఉండేది బెజవాడ సత్యనారాయణపురం. నా చెమటలకి కారణం తెలియడానికి రెండు నెలలు పట్టింది. సరిగ్గా వెతికి ఉంటే పది రోజుల పని.

అసలు కిటుకు ఒకటే. చెమట పట్టినప్పుడే, బనియన్ మీద తడి ఆరకముందే, షుగర్ ఎంతుందో చూడాలి. తెల్లారాక చూసే అంకె వేరే కథ చెబుతుంది. మిగతా దశలన్నీ ఆ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతాయి.

1. ఇంట్లో కూర్చుని వెతకకూడని సందర్భాలు

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇది చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకి వెళ్లండి.

- చల్లటి చెమటతో పాటు ఛాతీలో బరువు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి, వాంతి వచ్చేలా ఉండటం
- లేపినా లేవకపోవడం, మాట తడబడటం, ఫిట్స్
- దుప్పటి కప్పినా ఆగని చలి, వణుకుతో జ్వరం
- షుగర్ 70 కంటే తక్కువగా ఉండి, తీపి రెండుసార్లు తీసుకున్నా పెరగకపోవడం

షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్లకి నరాలు దెబ్బతిని, గుండెపోటు పెద్దగా నొప్పి లేకుండానే రావచ్చు. చెమట, ఆయాసం, నీరసం, అంతే. "గ్యాస్ అయ్యుంటుందిలే" అని సోడా తాగి పడుకునే అలవాటు మనకి పనికిరాదు.

2. ముందు ఉక్కపోతని పక్కకి తీసేయండి

మే నెలలో మన ఊళ్లో చెమట పట్టనివాడు ఉండడు. రోహిణి కార్తెలో అర్ధరాత్రి కరెంటు పోతే ఇల్లంతా లేచి కూర్చుంటుంది. అది జబ్బు కాదు.

తేడా తెలుసుకోవడం సులువే. ఫ్యాన్ తిరుగుతూనే ఉండి, పక్కన పడుకున్నవాళ్లు హాయిగా నిద్రపోతూ, మీ ఒక్కరి బనియన్, దిండు గలేబు మార్చాల్సినంత తడిసిందా? అయితే లెక్కలోకి తీసుకోండి. డిసెంబరు చలిలో పడితే ఇక అనుమానమే అక్కర్లేదు. పీడకలతో ఉలిక్కిపడి లేవడం, తెల్లారి తలనొప్పి, నిద్రపోయినా పోనట్టు ఉండటం కూడా తోడైతే చూపు ముందుగా షుగర్ మీదే పెట్టండి.

నేను చేసిన పొరపాటు ఇక్కడే. నాకు మొదలైంది ఏప్రిల్లో. ఫ్యాన్ రెగ్యులేటర్ మార్పించాను, పరుపు తీసేసి చాప వేసుకున్నాను, కూలర్ కూడా కొన్నాను. ఒకరోజు మా ఆవిడ అడిగింది: "ఏమండీ, నాకు చలేస్తోంది, మీరేమో తడిసి ముద్దయ్యారు. ఇది ఎండేనంటారా?"

3. మంచం పక్కన సిద్ధం చేసుకోవాల్సినవి

అర్ధరాత్రి, అదీ షుగర్ పడిపోయిన మనిషి, బీరువాలో వస్తువులు వెతుక్కోలేడు. పడుకునే ముందే ఇవన్నీ చేతికందేచోట ఉండాలి.

- గ్లూకోమీటర్, స్ట్రిప్పులు, సూదులు, ఆరిన పాత నూలు గుడ్డ
- గ్లూకోజ్ పొడి డబ్బా, చెంచా, మూత ఉన్న గ్లాసులో నీళ్లు
- థర్మామీటర్
- నోటు పుస్తకం, దానికే దారంతో కట్టిన పెన్ను
- చిన్న టార్చి, గడియారం

థర్మామీటర్ ఎందుకని చాలామంది అడుగుతారు. చెమట పట్టిన సమయానికి జ్వరం ఉందో లేదో తెలిస్తే సగం కారణాలు అక్కడికక్కడే రాలిపోతాయి. షుగర్ అంకె తర్వాత నేను ఎక్కువ విలువిచ్చేది దీనికే.

స్ట్రిప్పుల మాట. మన గాలిలో తేమ ఎక్కువ. డబ్బా మూత గట్టిగా పడకపోతే స్ట్రిప్పులు పాడై తప్పు అంకెలు చూపిస్తాయి. నాది ఒక డబ్బా వంటింటి గట్టు మీద మూత సరిగ్గా పెట్టకుండా వదిలేస్తే, నాలుగు రోజులపాటు ఉన్నదానికంటే ఎక్కువ చూపించింది. డబ్బా తెరిచిన తేదీ దాని మీదే రాయండి. లోపల కాగితంలో ఎన్నాళ్లు వాడమని ఉంటే అన్నాళ్లే వాడండి.

మిషన్ నమ్మకమైనదో కాదో ఒకసారి చూసుకోండి. ల్యాబులో పరగడుపు రక్తం ఇచ్చిన నిమిషంలోనే మీ మిషన్‌లో వేలి చుక్క చూసి రాసుకోండి. ల్యాబు 100 అంటే మీది 85 నుంచి 115 మధ్య రావచ్చు. అంతవరకు మామూలే.

4. చెమట పట్టిన రాత్రి, వరుసగా

మొదట, మెలకువ రాగానే లేచి మంచం మీద కూర్చోండి. ఒక్కసారిగా నిలబడకండి, తూలిపోతారు.

రెండోది, వేలు నీళ్లతో కడిగి, గుడ్డతో పూర్తిగా ఆరేలా తుడవండి. ఇది చాదస్తం కాదు. వేలి మీద చెమట ఉంటే రక్తం చుక్క పలచబడి అంకె తప్పు వస్తుంది. రాత్రి మామిడిపండు తిని చేయి సరిగ్గా కడగకపోతే 60 ఉన్నది 150 కూడా చూపించవచ్చు.

మూడోది, వేలి పక్క భాగంలో గుచ్చి చూడండి. అంకె, టైము అప్పుడే రాయండి. "పొద్దున్న రాద్దాంలే" అనుకుంటే ఆ అంకె గుర్తుండదు. షుగర్ తగ్గిన బుర్రకి అసలే గుర్తుండదు.

నాలుగోది, జ్వరం చూడండి. ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి.

చేతులు వణికి మిషన్ పట్టుకోలేకపోతే, లేదా మిషన్ దొరక్కపోతే, ముందు గ్లూకోజ్ తీసుకోండి. కారణం రేపు వెతకవచ్చు.

ఇప్పుడు ఆ అంకెని బట్టి:

70 కంటే తక్కువ. షుగర్ పడిపోయినట్టే. 15 గ్రాముల గ్లూకోజ్, అంటే దాదాపు 3 నిండు చెంచాల పొడి, నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఇంకా 70 దాటకపోతే మరోసారి అంతే. దాటాక ఒక గ్లాసు పాలో, అరటిపండో, రెండు బిస్కెట్లో తిని పడుకోండి. 54 కంటే తక్కువైతే ఇంట్లోవాళ్లని తప్పకుండా లేపండి, తెల్లారగానే డాక్టరుకి చెప్పండి.

70 నుంచి 100 మధ్య. ఇది తికమక పెట్టే అంకె. పడిపోతున్న దారిలో ఉండవచ్చు, పడి లేస్తూ ఉండవచ్చు. 15 నిమిషాలకి మళ్లీ చూస్తే ఎటు వెళ్తోందో తెలుస్తుంది. ఇంకో సంగతి. ఏడాదిపాటు 250, 300లో ఉన్నవాళ్లకి షుగర్ అదుపులోకి వచ్చిన కొత్తలో 95 దగ్గర కూడా ముచ్చెమటలు పట్టవచ్చు. ఒళ్లు ఆ అంకెకి ఇంకా అలవాటు పడలేదు, అంతే.

100 పైన. ఈ చెమటకి షుగర్ పడిపోవడం కారణం కాకపోవచ్చు. తీపి తినకండి. రాసుకుని పడుకోండి. ఇలాంటివి రెండు మూడు రాత్రులు వస్తే నేరుగా 7వ భాగానికి వెళ్లండి.

ఇంట్లోవాళ్లకి ఒక హెచ్చరిక. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో పంచదార నీళ్లు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

వోగ్లిబోస్ గానీ ఎకార్బోస్ గానీ ఉన్న మాత్ర వేసుకునేవాళ్లు మామూలు పంచదార మీద ఆధారపడకండి. ఆ మందు పంచదారని విడగొట్టనివ్వదు, ఆలస్యం చేస్తుంది. గ్లూకోజ్ పొడే కావాలి. మూడు మందులు కలిపిన షుగర్ మాత్రల్లో ఇది చాలాసార్లు ఉంటుంది. అట్ట మీద చిన్న అక్షరాలు ఒకసారి చదవండి.

5. పది రోజుల పుస్తకం

చెమట పట్టిన రాత్రులు ఎలాగూ రాస్తారు. పట్టని రాత్రులు కూడా రాయాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. రోజూ పడుకునే ముందు, ఉదయం పరగడుపున చూడండి. ఈ పది రోజుల్లో మూడు రాత్రులు అలారం పెట్టుకుని తెల్లవారుజామున 3 గంటలకి కూడా చూడండి. నిద్ర చెడుతుంది, తప్పదు.

నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది:

"రాత్రి 7:45 రెండు పుల్కాలు, బీరకాయ కూర, మజ్జిగ. 7:30 మాత్ర. సాయంత్రం గంట నడక. 10:30కి 118. 2:40కి మెలకువ, బనియన్ తడి, గుండె దడ, జ్వరం లేదు. 58. గ్లూకోజ్ 3 చెంచాలు. 2:55కి 84. ఉదయం 6:30కి 171."

చివరి అంకె చూడండి. ఉదయం 171 ఒక్కటే తీసుకెళ్తే ఏ డాక్టరైనా "రాత్రి షుగర్ ఎక్కువుంటోంది, డోసు పెంచుదాం" అనే అంటారు. నా విషయంలో అదే జరిగింది. అంతకుముందు రెండు నెలలూ నేను పరగడుపు అంకె తప్ప ఇంకేమీ చూపించలేదు. తప్పు డాక్టరుది కాదు, నేను మోసుకెళ్లిన కాగితానిది.

తెల్లవారుజామున 3కి 150, ఉదయానికి 200 ఉంటే అది వేరు. తెల్లవారేముందు ఒంట్లో కొన్ని హార్మోన్లు పెరిగి షుగర్ని పైకి లాగుతాయి. ఈ రెంటినీ విడదీసేది 3 గంటల అంకె ఒక్కటే.

రాయాల్సినవి:

- భోజనం ఏమిటి, ఎంత, ఎన్నింటికి
- మాత్ర లేదా ఇన్సులిన్ పేరు, డోసు, టైము
- నడక, శ్రమ, ఉపవాసం, మందు పార్టీ ఏదున్నా దాచకుండా
- పడుకునే ముందు, చెమట పట్టినప్పుడు, ఉదయం అంకెలు
- చెమట ఎక్కడ పట్టింది: ఒళ్లంతానా, మెడ పైనేనా
- గురక ఉందా అనేది పక్కన పడుకున్నవాళ్లని అడిగి

స్తోమత ఉంటే చేతికి అంటించే షుగర్ సెన్సర్ 14 రోజులు పెట్టించుకోవచ్చు. రాత్రంతా గీత గీసి చూపిస్తుంది, పుస్తకం చేయలేని పని అది. కానీ సెన్సర్ ఉన్న చేతి మీదే ఒత్తిగిలి పడుకుంటే ఆ ఒత్తిడికి షుగర్ పడిపోయినట్టు తప్పుగా చూపిస్తుంది. కాసేపు బాగా కిందికి దిగి, మీరు పక్కకి దొర్లగానే పైకి లేచిన గీత కనిపిస్తే కంగారు పడకండి. అనుమానం ఉంటే వేలి చుక్కతో సరిచూసుకోండి.

6. అంకె తక్కువ వస్తే, ఎందుకు పడుతోందో వెతకండి

నాకొచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగానికి జవాబు ఈ భాగంలోనే ఉంటుంది. తీరిగ్గా చదవండి.

మందుల అట్టలన్నీ ముందు పెట్టుకోండి. షుగర్ని అవసరానికి మించి కిందికి లాగగలిగేవి ప్రధానంగా రెండు: ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ జాతి మాత్రలు. గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ కూడా ఆ జాతివే. వీటిలో గ్లిబెన్‌క్లమైడ్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది, పెద్దవయసువాళ్లకి ప్రమాదం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి షుగర్ ఇలా పడిపోవడం చాలా అరుదు. అందుకే "నేను మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకుంటాను, రాత్రి చెమటలు" అంటే నాకు షుగర్ కంటే వేరే కారణాల మీదే అనుమానం పోతుంది.

భోజనం తగ్గింది, మాత్ర తగ్గలేదు. మన దగ్గర నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. ఏళ్ల తరబడి రాత్రి 9కి పళ్లెం నిండా అన్నం తిన్న మనిషి ఒక శుభముహూర్తాన రెండు పుల్కాలకి మారతాడు. లేదా కొర్రలకి. లేదా సాయంత్రం 6 తర్వాత ఏమీ తినకూడదని ఎవరో చెబితే అది పట్టుకుంటాడు. మంచిదే. కానీ పళ్లెం నిండా అన్నానికి రాసిన మాత్ర అలాగే ఉండిపోతుంది. నా కథ మొదలైంది కూడా ఇలాగే. రెండు పుల్కాలు, దాని మీద కొత్తగా గంట నడక.

ఉపవాసాలు. కార్తీక సోమవారాలు, ఏకాదశి, శివరాత్రి, రంజాన్ నెల, దీక్షలు. "ఉపవాసం కదా, మాత్ర కూడా మానాలా?" అని ఆ రోజు పొద్దున్న అడగకండి. వారం ముందు డాక్టరు దగ్గర రాయించుకోండి. కార్తీకంలో పగలంతా ఉండి, నక్షత్రం చూశాక పండ్లు, పాలతో సరిపెట్టి, రాత్రి మాత్ర మాత్రం యథావిధిగా వేసుకునే పెద్దవాళ్లని మా వీధిలోనే చూశాను.

ఇన్సులిన్ వాడేవాళ్లు సిరంజి చూసుకోండి. మన దగ్గర 40 యూనిట్ల సీసాలూ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. ఎర్ర మూత సిరంజి 40 సీసాకి, నారింజ రంగు మూతది 100 సీసాకి. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో తీస్తే డోసు రెండున్నర రెట్లు వెళ్లిపోతుంది. మందుల షాపులో తొందరలో ఏదిస్తే అది తెచ్చుకోకండి. సీసా పట్టుకెళ్లి సరిపోల్చండి.

ఉదయం, రాత్రి వేసుకునే మబ్బు రంగు మిక్స్ ఇన్సులిన్ అయితే, రాత్రి డోసు బలం అర్ధరాత్రి తర్వాత మీద పడవచ్చు. ఒకేచోట పొడిచి పొడిచి గడ్డ కట్టిన చోట ఇన్సులిన్ ఒకరోజు ఎక్కదు, మరోరోజు ఒక్కసారిగా ఎక్కుతుంది. పొట్ట మీద వేళ్లతో తడిమి చూడండి. వేసవి వేడికి కూడా ఇన్సులిన్ త్వరగా ఒంట్లోకి ఎక్కుతుంది.

కిడ్నీ. కిడ్నీలు మందగిస్తే ఇన్సులిన్, కొన్ని మాత్రలు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతాయి. "పదేళ్లుగా ఇదే డోసు, ఇప్పుడెందుకు పడుతోంది?" అనే ప్రశ్నకి చాలాసార్లు జవాబు ఇదే. క్రియాటినిన్ పరీక్ష చేయించి ఎన్నాళ్లయిందో చూసుకోండి.

మద్యం. ముఖ్యంగా సరిగ్గా తినకుండా తాగితే, కాలేయం రాత్రి షుగర్ వదిలే పని మానేస్తుంది. పెళ్లి రిసెప్షన్ అయిన మర్నాటి ఉదయం దాకా కూడా పడిపోవచ్చు.

కొత్తగా వాడిన యాంటీబయాటిక్. లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ లాంటివి, కోట్రైమాక్సజోల్, క్లారిత్రోమైసిన్ గ్లిమెపిరైడ్ జాతి మాత్రలతో కలిస్తే షుగర్ బాగా కిందికి పోవచ్చు. విరేచనాలకో మూత్రంలో మంటకో ఎవరో ఐదు రోజుల మాత్రలు ఇచ్చి ఉంటే ఆ తేదీలు పుస్తకంలో పెట్టండి.

బీపీ మాత్ర. అటెనొలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటివి షుగర్ పడినప్పుడు వచ్చే గుండె దడని, వణుకుని కప్పేస్తాయి. చెమటని మాత్రం కప్పలేవు. ఇవి వాడేవాళ్లకి చెమట ఒక్కటే మిగిలిన హెచ్చరిక గంట. దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

కారణం దొరికినా డోసు మీరే మార్చకండి. ముఖ్యంగా ఇన్సులిన్ పూర్తిగా ఆపేయకండి, కొందరికి అది ప్రాణం మీదికి వస్తుంది. అలాగని అపాయింట్‌మెంట్ దొరికేదాకా వారం రోజులు షుగర్ పడుతూ కూర్చోనూ వద్దు. ఆ రోజే ఫోన్ చేసి "రాత్రి 58 వచ్చింది, ఈ రాత్రి మాత్ర వేసుకోవాలా?" అని అడగండి. అంకె చెబితే జవాబు త్వరగా వస్తుంది.

7. అంకె బాగానే ఉంటే, షుగర్‌ని వదిలి వేరే దారి చూడండి

గుంటూరు బ్రాడీపేటలో మా వదినగారు ఉంటారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడతారు. రాత్రి చెమటలు మొదలయ్యాయి. ఇంట్లో అందరూ "షుగరే" అని రోజూ పడుకునే ముందు బెల్లం ముక్క పెట్టేవాళ్లు. నేను పుస్తకం పెట్టించాను. చెమట పట్టిన రాత్రుల అంకెలు 138, 126, 142. షుగర్ పడిపోవడం కాదని మూడో రోజుకే తేలింది. కానీ ఆ పుస్తకంలోనే ఇంకోటి బయటపడింది: రోజూ సాయంత్రానికి జ్వరం 99.8, 100. మూడు నెలల్లో బరువు 61 నుంచి 56కి దిగింది. అది చూసి చిరుధాన్యాలు పనిచేస్తున్నాయని అందరం సంబరపడ్డాం. దగ్గు కూడా ఉంది, గుంటూరులో మిరప ఘాటుకి దగ్గు రానిదెవరికి అనుకున్నారు. కళ్లె పరీక్షలో టీబీ తేలింది. ఆరు నెలలు మందులు వాడి కోలుకున్నారు.

షుగర్ ఉన్నవాళ్లకి టీబీ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, కారణం లేకుండా తగ్గే బరువు, రాత్రి చెమట, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించాలి. ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. టీబీ హెల్ప్‌లైన్ 1800 11 6666. "మా ఇంటావంటా లేదు" అనే మాట ఈ జబ్బుకి తెలియదు.

మిగతావి:

- థైరాయిడ్ ఎక్కువ పనిచేయడం: బరువు తగ్గడం, దడ, చేతుల వణుకు, వేడి ఓర్చుకోలేకపోవడం. టీఎస్‌హెచ్ పరీక్షతో తెలుస్తుంది.
- నెలసరి ఆగే వయసు: ఛాతీ నుంచి ముఖం దాకా వేడి ఆవిరి ఎగదన్ని, తర్వాత చెమట. షుగర్ పడిపోవడానికీ దీనికీ తేడా ఒంటికి తెలియదు, మిషన్‌కే తెలుస్తుంది.
- గురక, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, పగలు కునుకుపాట్లు: నిద్ర పరీక్ష అడగండి.
- మూత్రంలో ఇన్ఫెక్షన్, మానని పుండు, లోపల చీము, మలేరియా: జ్వరం అంకెలు దారి చూపిస్తాయి.
- మందులు: దిగులు, ఆందోళనకి వాడే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, వెన్లాఫాక్సిన్, నొప్పికి వాడే ట్రమడాల్. జ్వరానికి పారాసెటమాల్ వేసుకున్నా, జ్వరం దిగేటప్పుడు చెమట పడుతుంది.
- నరాల దెబ్బ: పాదాలు పొడిబారి చెమట పట్టవు, ముఖం, మెడ మాత్రం కారిపోతాయి. తింటున్నప్పుడు ముఖానికి చెమట పట్టడం కూడా దీని గుర్తే.
- మెడ, చంక, గజ్జల్లో నొప్పి లేని గడ్డలు, బరువు తగ్గడం: ఆలస్యం చేయకుండా చూపించండి.

వరి మడుల్లో, బురదలో పనిచేసేవాళ్లు ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. తడి నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా వల్ల మెలియాయిడోసిస్ అనే జబ్బు వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లనే ఎక్కువగా పట్టుకుంటుంది, పైకి టీబీలాగే కనిపిస్తుంది. మీరు పొలం మాట ఎత్తకపోతే వాళ్లకి అనుమానం రాకపోవచ్చు.

8. డాక్టరు దగ్గరికి

బెజవాడ సూర్యారావుపేటలో అయినా, గుంటూరు కొత్తపేటలో అయినా, రెండు గంటలు కూర్చుంటే లోపల దొరికేది ఐదు నిమిషాలు. "రాత్రిళ్లు చెమటలండీ" అని మొదలుపెడితే ఆ ఐదు నిమిషాలూ ప్రశ్నలకే సరిపోతాయి. ఇలా మొదలుపెట్టండి: "పది రాత్రుల్లో నాలుగు రాత్రులు చెమట పట్టింది. మూడుసార్లు షుగర్ 70 కంటే తక్కువ. జ్వరం లేదు. రాత్రి భోజనం రెండు నెలల కిందట తగ్గించాను."

తీసుకెళ్లాల్సినవి:

- పుస్తకం, గ్లూకోమీటర్ కూడా
- అన్ని మందుల అట్టలు, వేరే డాక్టరు రాసినవి, ఆయుర్వేదం, నాటు మందులతో సహా
- ఆర్నెల్లలో చేయించిన రిపోర్టులు
- బరువు: ఇప్పుడెంత, ఆర్నెల్ల కిందట ఎంత

అడగదగ్గ పరీక్షలు: షుగర్ తక్కువ వచ్చినవాళ్లు క్రియాటినిన్, కాలేయ పరీక్షలు. బాగానే ఉన్నవాళ్లు రక్తం పూర్తి లెక్క (సీబీసీ), ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ జాడ చెప్పే రక్త పరీక్ష), టీఎస్‌హెచ్, మూత్ర పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే. ఈసీజీ ఇద్దరికీ మంచిదే. అన్నీ ఒకేసారి ప్యాకేజీలో చేయించుకోవడం నాకు నచ్చదు. పుస్తకం చూపించాక డాక్టరు రాసినవి చాలు. ఖర్చు ఇబ్బంది అయితే రెండు ఊళ్లలోనూ ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) ఉంది, పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి.

9. తరచూ చేసే తప్పులు

"హెచ్‌బీఏ1సీ 6.8 వచ్చింది, ఇంక నాకేం?" అది మూడు నెలల సగటు. రాత్రి 55, పగలు 230 ఉన్నా సగటు అందంగానే కనిపిస్తుంది. సగటు కాదు, రాత్రి అంకె చూడండి.

చెమట పట్టగానే గ్లాసు నిండా పంచదార నీళ్లు, నాలుగు లడ్డూలు. ఉదయానికి 300. 15 గ్రాములు, 15 నిమిషాలు. ఆకలి భయంకరంగా ఉంటుంది, నిజమే. అందుకే డబ్బాతో పాటు చెంచా కూడా పెట్టుకోమన్నది.

మిఠాయితో సరిచేయడం. నెయ్యి, పాలు ఉన్న స్వీటు నెమ్మదిగా ఎక్కుతుంది. చాక్లెట్ కూడా అంతే.

గ్లిమెపిరైడ్ జాతి మాత్రతో షుగర్ పడి, ఒకసారి సరిచేసి నిద్రపోవడం. ఆ మందు ఒంట్లో ఉన్నంతసేపూ మళ్లీ పడవచ్చు. అలారం పెట్టి రెండు గంటల తర్వాత ఒకసారి చూడండి.

పక్కింటాయన మాత్ర. ఆయన షుగర్, ఆయన కిడ్నీ, ఆయన భోజనం వేరు.

10. మార్పు చేశాక

నాకు డాక్టరు రాత్రి గ్లిమెపిరైడ్ తీసేసి మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంచారు. పడుకునే ముందు 100 కంటే తక్కువుంటే ఒక గ్లాసు పాలు తాగమన్నారు. మీ అంకె ఎంతో మీ డాక్టరు దగ్గర రాయించుకోండి.

డోసు మారిన తర్వాత వరుసగా మూడు రాత్రులు 3 గంటలకి చూడండి. మూడూ 100 పైనే ఉంటే వారానికి ఒకసారి చాలు. ఉదయం అంకె కాస్త పెరగవచ్చు, రెండు వారాలు ఆగి డాక్టరుకి చూపించండి. అంకెలన్నీ బాగుండి చెమట మాత్రం ఆగకపోతే 7వ భాగానికి వెళ్లాల్సిందే. రెండు కారణాలు ఒకేసారి ఉండటం వింతేమీ కాదు.

భోజనం, నడక, ఉపవాసం, కొత్త మందు, ఏది మారినా ఆ వారం పుస్తకం మళ్లీ తెరవండి. నాది ఇప్పటికీ దిండు పక్కనే ఉంటుంది. కూలర్ మాత్రం మా బావమరిదికి ఇచ్చేశాను.